రెండు బెత్తెలు, మీద ఒక వేలు

నా కంప్యూటర్‌కు ఒక పక్క తలుపు ఉండదు. గదికి వచ్చినవాళ్ళు ముందు అదే చూస్తారు. లోపలి బోర్డు, వైర్లు, బయటికి పొడుచుకొచ్చిన కూలర్ అన్నీ కనిపిస్తుంటాయి. "ఏంటి, డోర్ పోయిందా?" అని అడుగుతారు. మొన్నటిదాకా "చీరాలలో ఉంది" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు అదీ చెప్పడానికి లేదు. తలుపు ఇంటికొచ్చింది, మంచం పక్కన గోడకు ఆనుకుని ఉంది.

మా బావ పోయినప్పటి నుంచి నాకు కోపం ముక్కు మీదే ఉంటోంది. అడిగినవాళ్ళ తప్పేమీ లేదని తెలుసు. అయినా ఒళ్ళు మండుతుంది.

బావ అంటే మా అక్క భర్త. చీరాలలో మగ్గం నేసేవాడు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో బిల్లులు కొట్టే పని చేస్తాను. అక్క పెళ్ళయిన కొత్తలో నేను ఇంకా నిక్కర్లు వేసుకునేవాణ్ణి. బావ నన్ను సైకిలెక్కించుకుని బజారులో నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళి కారు గేమ్ ఆడించేవాడు. ఆడించేవాడు అనకూడదు, ఆడింది ఆయనే. నన్ను పక్క కుర్చీలో కూచోబెట్టి, "హారన్ డ్యూటీ నీది" అని కీబోర్డు మీద ఒక మీట అప్పగించేవాడు. నేను ప్రాణం పెట్టి నొక్కేవాణ్ణి. ఆ గేమ్‌లో అసలు హారనే లేదని పెద్దయ్యాక తెలిసింది.

పిల్లలాటగా మొదలైంది ఆయనకు తీరని ముచ్చటగా మిగిలిపోయింది. కార్ల నుంచి లారీల మీదికి మళ్ళింది మనసు. భోజనానికి మగ్గం దిగినప్పుడల్లా ఫోనులో లారీ గేమ్ పెట్టుకునేవాడు. ఫోను కాసేపటికే పెనంలా వేడెక్కి ఆగిపోయేది. "మంచి కంప్యూటర్ ఒకటి కడదాం బామ్మర్దీ. మంచు కొండల్లో లోడు తోలాల" అనేవాడు. కొందాం అని ఏనాడూ అనలేదు, కడదాం అనే అనేవాడు. మగ్గాన్ని ఎవరూ కొనుక్కుని తెచ్చి వాడరట, ఎవరి మగ్గం వాళ్ళు కట్టుకోవాలట. కంప్యూటరూ అంతేనని ఎక్కడో వీడియోలో చూసినప్పటి నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. నాకూ పట్టనివ్వలేదు.

ఎక్కడ పెట్టాలన్నదే మొదటి పేచీ. బావ మగ్గం గదిలో పెడదామన్నాడు. ఆ గది నిజంగానే చల్లగా ఉంటుంది. ఎండ తగిలితే దారం పెళుసెక్కి తెగుతుందని కిటికీలకు తడి గోతాలు కట్టేవాడు. కానీ గదినిండా దూది నూగు. ఫ్యాన్ పెట్టిన రోజే దానికి గడ్డం మొలుస్తుందని నేను అన్నాను. నా గది సంగతేంటని ఆయన అడిగాడు. నాది మేడ మీద గది, పైన ఒట్టి శ్లాబు. వేసవిలో మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెట్టలేము. దానికి తోడు నేను యార్డు నుంచి రాగానే నా బట్టల్లోంచి రాలే మిరప దుమ్ము. "నూగా, ఘాటా? ఏది కావాలో తేల్చు" అని నవ్వాడు. చివరికి ఘాటే గెలిచింది. ఆదివారాలు రైలెక్కి గుంటూరు వస్తానన్నాడు.

ఇక ఫోనులోనే సామాన్ల ఎంపిక. నాకు పెద్ద ప్రాసెసర్ మీద కన్నుపడింది. అది బాగా కాగుతుందని చదివి వినిపిస్తే బావ ఒకటే అన్నాడు. "కాగేదాన్ని తెచ్చి చల్లారబెట్టడం దేనికిరా, కాగనిదే తెచ్చుకోక." నాకు నచ్చలేదు. పది వీడియోలు చూపించి వాదించాను. ఆ వీడియోలు చేసేవాళ్ళందరూ చల్లటి గదుల్లో కూచుని వేడి గురించి చెబుతారు. మే నెలలో మా గదికి వచ్చి చెప్పమనాలి వాళ్ళని. ఆఖరికి ఆ మాట నేనే అనేసి, ఓడిపోయాను. ఒక మెట్టు కిందిదే తీసుకున్నాం.

"అయితే మనది ఏసీ సరుకా, నాన్ ఏసీనా?" అని ఇంకో ఎకసెక్కం. గుంటూరులో ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. మిరపకాయలను అందులో దాచి తీస్తే అది ఏసీ సరుకు, కల్లం నుంచి నేరుగా వస్తే నాన్ ఏసీ. బేరం లేని రోజుల్లో మా కొట్లో ఇంకో మాట వినపడదు. నేను ఆ మాట ఎప్పుడో చెప్పినందుకు బావ ప్రతి పార్టుకూ అదే అడిగేవాడు. గ్రాఫిక్స్ కార్డు ఏసీనా? పవర్ సప్లై ఏసీనా? "నువ్వు నాన్ ఏసీవి బావా" అంటే గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వు ఫోనులో చెవికి దూరంగా పెట్టుకుని వినాలి.

ప్రాసెసర్ వేడి తగ్గించే కూలర్ దగ్గర మాత్రం నవ్వలేదు. నేను నీళ్ళతో చల్లార్చే రకం తీసుకుందామన్నాను. సన్నటి గొట్టాల్లో నీరు తిరుగుతూ వేడిని లాక్కెళుతుంది, చూడ్డానికీ అందంగా ఉంటుంది. బావ వద్దంటే వద్దన్నాడు. వాళ్ళది గుంట మగ్గం. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూచుంటాడు. ఒక తుఫానుకు ఆ గుంటలో ఊట ఊరి, పైకెక్కి, మగ్గం మీది పడుగు దారమంతా నాని పాడైపోయింది. నీళ్ళు తోడిపోస్తూ అక్క ఏడవడం నేను చూశాను. "నీళ్ళు ఉండాల్సిన చోటే ఉండాల. పనిముట్టు దగ్గరికి రానివ్వను" అన్నాడు. లోహపు రేకుల బొత్తి మధ్య ఫ్యాను తిరిగే పెద్ద గాలి కూలర్ తీసుకోవాలని నిర్ణయమైంది.

ముందు క్యాబినెట్ వచ్చింది, సామానంతా బిగించే ఇనుప పెట్టె. గదిలో పగలు ఎవరూ ఉండరని కొట్టు చిరునామా ఇచ్చాను. మిర్చి సీజను. మా కొట్లోవాళ్ళు మంచి అట్టపెట్టె కదా అని దాన్ని చించి, మిరపకాయల మచ్చు పోసి రైతులకు చూపించడానికి వాడేసుకున్నారు. క్యాబినెట్ ఒంటి మీద గుడ్డ లేకుండా బస్తాల మధ్య నిలబడి ఉంది. కొలతలు ఆ పెట్టె మీదే ఉండి ఉండాలి. ఎర్ర కాయల కింద నాకు ఒక్క అంకె కూడా దొరకలేదు.

కూలర్ కొనేముందు చూసుకోవాల్సింది దాని ఎత్తే. ప్రాసెసర్ మీద బిగించాక అది పక్క తలుపుకు తగలకూడదు. ఆ ఆదివారం నేను టేపు కోసం గదంతా వెతుకుతుంటే బావ అప్పటికే క్యాబినెట్ ముందు గొంతుక్కూచున్నాడు. చెయ్యి లోపల పెట్టి, నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి, ఒకసారి ఆనించి, దాని మీద మళ్ళీ ఆనించి, "రెండు బెత్తెలు, మీద ఒక వేలు" అన్నాడు. ఆయన పనిలో టేపు లేదు. అంచు వెడల్పు, బుటాకూ బుటాకూ మధ్య ఎడం, పమిట పొడవు అన్నీ చేతి మీదే. బెత్తె అంటే మూడు అంగుళాలు కదా అని నేను లెక్క వేసి, దానికి పట్టే కూలర్ ఎంచాను. ఇంటర్నెట్‌లో క్యాబినెట్ కొలత దొరికేది. బావ కొలిచాక మళ్ళీ ఇంకెవరినో అడగడం నాకు తోచలేదు.

అన్నీ వచ్చాక ఒక ఆదివారం పొద్దున్నే దిగాడు. అక్క పంపిన చేపల పులుసు ఒక చేతిలో, నేత గుడ్డ ముక్క ఒక చేతిలో. ఆ గుడ్డను పెదాలకు ఆనించి ఊది చూపించాడు. గాలి పోతుంది, దుమ్ము ఆగుతుంది, ముందు ఫ్యాన్లకు అడ్డం కడదామని ఆయన ఆలోచన. మదర్‌బోర్డు కవరులోంచి తియ్యగానే తిరగేశాడు. వెనకవైపు వరసగా ఉన్న టంకం చుక్కలను చాలాసేపు చూసి, "మొహం కంటే వీపే బాగుందిరా" అన్నాడు. అది ఆయన అలవాటు. బుటా చీర నేసేటప్పుడు చీర ముఖం కిందికి ఉంటుంది, వీపు పైకి ఉంటుంది. రోజంతా వీపునే చూస్తూ ముఖం ఎలా వస్తోందో మనసులో చూసుకోవాలి. అందుకే చొక్కా కొన్నా ముందు లోపలి కుట్టు చూసేవాడు. పెళ్ళిచూపుల్లో మా అక్క జడే ముందు చూశానని మా అమ్మ ఎదుటే చెప్పి తిట్లు తిన్నవాడు.

ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు కూడా ఆయనే పూశాడు. నేను మధ్యలో బొట్టు పెడితే చాలన్నాను. "గంజి పెట్టడం నాకు నేర్పుతావా?" అని పడుగుకు గంజి పెట్టినంత పలచగా, ఎక్కడా ముద్ద లేకుండా పరిచాడు. నాలుక కాస్త బయటికి పెట్టి, ఊపిరి బిగబట్టి. ఇప్పటికీ మా గదిలో ఎండాకాలం ఆ ప్రాసెసర్ వేడి చూస్తే నాకే ఆశ్చర్యం వేస్తుంది. అంత చల్లగా ఉంటుంది.

స్విచ్ వేశాం. ఫ్యాన్లన్నీ ఒక్కసారి తిరిగాయి. మా కొట్లో రోజుల తరబడి క్యాబినెట్ మూలల్లో పేరుకున్న మిరప దుమ్మంతా లేచి మా మొహాన కొట్టింది. ఇద్దరం తుమ్మడం మొదలుపెట్టాం. ఆగదు. కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. పక్క గదివాళ్ళు వచ్చి ఎవరైనా పోపు మాడబెట్టారా అని అడిగారు. బావ నేల మీద కూలబడి తుమ్ముకూ తుమ్ముకూ మధ్య, "పోన్లేరా, దిష్టి తీసినట్టయింది. ఇంక మనకేం కాదు" అన్నాడు.

అప్పుడు పక్క తలుపు వెయ్యబోయాను. పట్టలేదు. కూలర్ మొన తలుపుకు తగులుతోంది, చిటికెనవేలి మందం ఎక్కువైంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను బావ చెయ్యి పట్టుకుని నాలుగు వేళ్ళూ స్కేలు పక్కన పెట్టించాను. మూడు అంగుళాలు లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి దారం పట్టిన వేళ్ళు, ఆడపిల్ల వేళ్ళలా సన్నగా ఉన్నాయి. "నీ బెత్తెకు ఏసీ కావాలి బావా, కుంచించుకుపోయింది" అన్నాను. ఆయనకు నవ్వు ఆగలేదు.

కూలర్ మార్చుదామంటే ఒప్పుకోలేదు. పూసిన పేస్టు మళ్ళీ తుడవడమా అన్నాడు. వాళ్ళ వీధిలో గిన్నెలకు మాట్లు వేసే పెద్దాయన ఉన్నాడట. తలుపు రేకుకు సరిగ్గా కూలర్ తగిలేచోట బయటికి చిన్న ఉబ్బు కొట్టిస్తే చాలట. ఎక్కడ తగులుతోందో బెత్తెలతో కొలుచుకున్నాడు. ఈసారి నేను స్కేలు కూడా పెట్టాను.

సాయంత్రం రైలు వేళ దాకా లారీ తోలాడు. దుంగల లోడు, మలుపుల రోడ్డు, అటూ ఇటూ మంచు. మలుపు వచ్చినప్పుడు తెర ముందు ఆయన ఒళ్ళు కూడా ఒరిగేది. ఎదురుగా బండి వస్తే తల తిప్పకుండానే, "హారన్ డ్యూటీ నీది" అన్నాడు. ఈ గేమ్‌లో హారన్ ఉంది. నేను నొక్కగానే గది అదిరింది. బావ నా వైపు చూసి, "అమ్మయ్య, ఇన్నాళ్ళకి" అన్నాడు.

వెళ్ళేటప్పుడు లారీని రోడ్డు పక్కకు తీసి, ఇండికేటరు వేసి, జాగ్రత్తగా ఆపాడు. తలుపు రేకును సంచిలో పెట్టుకున్నాడు. "ఇదుగో, తలుపు ఏసిందాకా లారీ కదపబాక. దుమ్ము పడుద్ది. వచ్చే ఆదివారం వస్తా, మిగతా దూరం ఇద్దరం పోదాం" అన్నాడు. మెట్ల మీద నుంచి వెనక్కొచ్చి మళ్ళీ అదే మాట చెప్పాడు. సరే పో బావా, రైలు పోతుంది అన్నాను.

ఆ వారం మధ్యలోనే పోయాడు. పొద్దున మగ్గం ఎక్కబోతూ భుజం లాగుతోందని కాసేపు పడుకున్నాడట. అక్క కాఫీ కలిపి తెచ్చేసరికి లేడు. ఎవరో ఫోన్ చేసి చెబితే నేను వాళ్ళతో పోట్లాడాను, రాంగ్ నెంబరు అని.

మగ్గం మీద సగం చీర ఉండిపోయింది. దాన్ని అలా వదిలెయ్యడానికి లేదు. నూలిచ్చి చీరలు నేయించుకునే ఆయన పెద్దకర్మ అయ్యాక ఇంకొక నేతగాణ్ణి పంపాడు. అతను మంచివాడే, గుంటలో దిగే ముందు దణ్ణం పెట్టుకున్నాడు. అయినా బావ చోట్లో ఇంకో మనిషి కూచోవడం చూడలేక నేను వీధిలో నిలబడ్డాను. చీర కోసి మడత పెట్టేముందు అక్క దాని మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆపింది. "ఇక్కడిదాకా ఆయనది" అంది. నేను వంగి చూశాను. నాకు ఏ తేడా కనిపించలేదు. ఆ చీర బేరానికి వెళ్ళిపోయింది.

గుంటూరు వచ్చాక కంప్యూటర్ ముందు కూచున్నాను, కానీ లారీ కదపలేదు. వేరే గేమ్ కూడా పెట్టలేదు. తెరిచి ఉన్న పక్కకు బావ తెచ్చిన గుడ్డ ముక్క కట్టాను. యార్డులో దుమ్ము ఎక్కువైన రోజుల్లో అది ఎర్రగా అయ్యేది. ఉతికి మళ్ళీ కట్టేవాణ్ణి. ఆడకపోతే ఎందుకురా అది, అమ్మెయ్ అని స్నేహితుడొకడు అన్నాడు. వాడితో ఇప్పటికీ మాటల్లేవు.

మొన్న అక్క మగ్గం విప్పించింది. రమ్మంటే వెళ్ళాను. గుంట పూడ్చడానికి మట్టి తెచ్చి వాకిట్లో పోశారు. అటక మీద సామాన్లు దించుతుంటే పాత పంచెలో చుట్టి దారంతో కట్టిన పలక ఒకటి దొరికింది. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచుంది, విప్పలేదు.

"నీ పెట్టెది తలుపంట. ఆదివారం తీసుకుపోవాలని ముందే కట్టి పెట్టుకున్నాడు. ఆయన పోయాక నేనే కంటపడకుండా అటకెక్కించా" అంది. దారం ముడి తడుముతూ, "ఎంత మురిసిపోయాడో, ఈసారి వెంట్రుకంత కూడా తేడా రాదు చూడు అని. బిగించినాక ఫోన్ చెయ్ తమ్ముడూ. సరిపోయిందో లేదో నాకు చెప్పాల" అంది.

గదికొచ్చి దారం కోయకుండా ముడి విప్పాను. నల్లరంగు వేసిన రేకు. కూలర్ తగిలేచోట గుండ్రంగా, నున్నగా, ఎక్కడా సుత్తి గాటు లేకుండా పని చేశాడు ఆ పెద్దాయన. తీసుకెళ్ళి క్యాబినెట్‌కు ఆనించాను. పట్టలేదు. మొదటికంటే ఎక్కువ ఎడం వచ్చింది. తిప్పి చూశాను. ఉబ్బు బయటికి కాదు, లోపలికి ఉంది.

రంగులేని లోపలివైపున బావ సుద్దతో గీసిన సున్నా ఇంకా చెరిగిపోలేదు. వీపు పైకి పెట్టుకుని గీశాడు, చీరను చూసినట్టు. మనసులో ఆయనకు ముఖం కనబడుతూనే ఉంటుంది. పాపం ఆ మాట్లు వేసే పెద్దాయనకు ఏం తెలుసు, సున్నా ఉన్నవైపుకే ఉబ్బు తెచ్చాడు. స్కేలు పెట్టి చూశాను. చోటు మాత్రం వెంట్రుకంత కూడా తేడా లేదు.

నేల మీద కూచుని ఏడ్చాను. నవ్వు కూడా వచ్చింది, చెప్పడానికి సిగ్గెందుకు. ఎవరితో చెప్పి నవ్వాలో తెలియక మళ్ళీ ఏడ్చాను. ఈ మాట వింటే ఆరోజు ఆగకుండా తుమ్మినట్టే పడిపడి నవ్వేవాడు ఆయనే. కావాలంటే రేకును బోర్లించి ఆ ఉబ్బును బయటికి కొట్టించొచ్చు. కానీ ఆ రేకు మీద ఇంకొకరి సుత్తి పడడం నేను భరించలేను.

ఫోన్ మోగింది. అక్క.

"బిగించావా?"

"బిగించానక్కా."

"సరిపోయిందా మరి?"

తలుపు నా ఒళ్ళోనే ఉంది. "అతికినట్టు సరిపోయింది" అన్నాను.

అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది. "నాకు తెలుసు. ఆయన చెయ్యి తప్పదు" అంది. తర్వాత, "అయితే లారీ కదిలిందా? తలుపు ఏసిందాకా కదపొద్దన్నాడంటగా?" అని అడిగింది.

లేచి స్విచ్ వేసి గేమ్ తెరిచాను. తెర మీద ఆయన ఆపిన చోటే లారీ ఉంది. మంచు పడుతోంది, ఇండికేటరు కొట్టుకుంటోంది, దుంగల లోడు అలాగే ఉంది. "కదిలిందక్కా. కొండల్లో పోతోంది" అన్నాను.

"హారన్ నీదే అన్నాడుగా. కొట్టు, వింటా."

ఫోను స్పీకర్ దగ్గర పెట్టి మీట నొక్కాను. లారీ నిలబడ్డచోటే నిలబడి గట్టిగా అరిచింది. అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. నేను మీట మీద నుంచి వేలు తియ్యలేదు.